చుట్ట నోట్లో ఉండగా వినిపించిన పిలుపు

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. కొత్తకోట పక్కన మా ఊళ్ళో దయ్యం పట్టినవాళ్ళను చాలామందినే చూశాను. అందరికీ పని చెప్పే వేళకు పట్టేది, అన్నం వేళకు వదిలేది. అటువంటి నేను ఇది రాయడమంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది. చదివి నవ్వేవాళ్ళు నవ్వండి. ఇంకొకరు రాస్తే నేనూ అదే చేసేవాణ్ణి.

ఎనభైల చివర్లో ఒక ఏడాది మాకు వానలు లేవు. మా ఇంటి ఆస్తంతా గొర్రెలే. అవి పోతే మేం కూలికి పోవాలి. ఇక్కడ మేత లేనప్పుడు మా కాపరులు కృష్ణ వెంట కిందికి నడుస్తారు. కోస్తాలో కోతలైన వరిమళ్ళలో మంద పెడితే ఎరువు రైతుకు, మేత మాకు. ఆ ఏడు అక్కడ కూడా మందలు ఎక్కువయ్యాయి. జరుగుతూ జరుగుతూ నది సముద్రంలో కలిసే చోటిదాకా పోయాం. ఆపైన నేల లేదు కాబట్టి ఆగాం.

ముగ్గురం ఉన్నాం. మా బాపు, నేను, యూసుఫ్ మామ. మామది కొత్తకోటలో మాంసం దుకాణం. మందలతో పాటు నడుస్తూ, దారిలో కుంటుపడిన జీవాలను కొనుక్కోవడం అతని వ్యాపారం. నేను అప్పుడే ఇంటర్ తప్పాను. బాపు తిట్టలేదు, కొట్టలేదు. కర్ర చేతికిచ్చి నడవమన్నాడు.

పిలుపు సంగతి చెప్పాలి. మా వైపు ప్రతి కాపరికీ తన మందను పిలిచే తీరు ఒకటుంటుంది. మూడు మందలు ఒకే కుంటలో నీళ్ళు తాగి కలిసిపోయినా, ఎవరి పిలుపుకు వాళ్ళ గొర్రెలు విడిపోయి వస్తాయి. బాపు నాలుకను అంగిటికి కొట్టి 'డుర్ర్' అని మొదలుపెట్టి, చివర 'హోయ్' అని పైకి లేపి సగంలో తెంపేస్తాడు. నేను అచ్చం అట్లాగే చేసేవాణ్ణి. గొర్రెలు తలెత్తి, మా లెక్కల సారు నా పరీక్ష పేపరును చూసినట్టు చూసి, మళ్ళీ మేతలో పడేవి.

అక్కడ కరకట్ట దిగితే ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల మధ్య సన్నటి బాటలు. పీతలు పట్టేవాళ్ళు నడిచి నడిచి వేసినవి. ఒక బాట పాయల పక్కనుంచి మెలికలు తిరిగి, సముద్రం ముందున్న ఇసుక దిబ్బ మీదికి పోతుంది. దిబ్బ నిండా పచ్చగడ్డి. దాన్ని చూసి బాపు ముఖం వెలిగిన తీరు మా అక్క పెళ్ళిలో కూడా చూడలేదు.

కట్ట మీద పీతల బుట్ట అల్లుతున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆపాడు. "పోటొస్తే ఆ బాట ఉండదబ్బాయ్. ఎండ నడినెత్తికి రాకముందే వచ్చెయ్యండి."

"నీళ్ళు ఎనుకకు నడుస్తయా? కృష్ణల ఈత నేర్చినోన్ని, నాకే చెప్తుండు" అని బాపు మాతో గొణిగాడు. అయినా గొర్రెల విషయంలో పంతానికి పోయే మనిషి కాదు. చెప్పిన వేళకంటే ముందే మందను మళ్ళించాడు. దిబ్బ మీద మరో మనిషి లేడు. చెట్టు లేదు, గుడిసె లేదు. ఆ చివరినుంచి ఈ చివరికి కనిపించే దిబ్బ అది.

తిరుగు బాటలో ముందు యూసుఫ్ మామ, అతని వెనక కర్రి పొట్టేలు, దాని వెనక మంద. ఆ పొట్టేలు ఎటు పోతే మంద అటు. తల్లి చచ్చిపోతే బాపు సీసాతో పాలు పట్టి పెంచాడు. నాకంటే దానికే మర్యాద ఎక్కువ, కారణాలు కూడా ఉన్నాయి. మంద చివర బాపు, నేను పక్కపక్కన నడుస్తున్నాం. బాపు చుట్ట ముట్టించి పళ్ళ మధ్య పట్టుకున్నాడు.

అప్పుడు వెనకనుంచి, మేం వదిలి వచ్చిన దిబ్బ మీదినుంచి, బాపు గొంతు పిలిచింది. డుర్ర్... హోయ్.

బాపు ముఖంలోకి చూశాను. చుట్ట పళ్ళ మధ్యే ఉంది. పొగ వస్తోంది.

మంద మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. బాటకు రెండు పక్కలా బురద, మధ్యలో మేం. పొట్టేలు ముందునుంచి మిగతా గొర్రెల వీపుల మీదుగా దూకుతూ వచ్చింది. నేను కర్ర అడ్డం పెట్టాను. కర్ర ఎటో పోయింది, నేను బురదలో బోర్లా పడ్డాను. నా వీపు మీదినుంచి, తల మీదినుంచి గిట్టలు నడిచాయి. ఒక పన్ను ఊడింది. ఆ సందు ఇప్పటికీ ఉంది, నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

లేచేసరికి బాపు గొర్రెల మూతుల మీద కొడుతున్నాడు. జీవాన్ని ఎన్నడూ కర్రతో తాకనివాడు, ముక్కుల్లోంచి రక్తం చిమ్మేట్టు కొడుతున్నాడు. కర్ర విరిగితే విరిగిన ముక్కతో కొట్టాడు. కొన్ని తప్పించుకుని పాయలోకి దూకాయి. నీళ్ళు అప్పటికే సముద్రం వైపునుంచి పైకి ఎక్కుతున్నాయి. బురద పట్టిన ఉన్నితో అవి ఈదలేకపోయాయి. కళ్ళముందే మునిగిపోయాయి.

దిబ్బ మళ్ళీ పిలిచింది. బాపు చుట్ట ఉమ్మేసి, తనూ గొంతెత్తి పిలిచాడు. అదే ఆయన చేసిన తప్పు. ఒకే గొంతు రెండు చోట్లనుంచి వినబడేసరికి మంద ఇటూ అటూ తిరిగి తనను తానే తొక్కుకుంది. కాళ్ళు విరిగే చప్పుడు వినిపించింది. పొట్టేలు వెనక్కి జరిగి, ఉరికి వచ్చి బాపు మోకాలి మీద పొడిచింది. బాపు కూలబడ్డాడు. అది మళ్ళీ వెనక్కి జరిగింది.

బాపు నడుముకు దోపుకున్న, కొమ్మలు నరికే గొడ్డలి తీసి దాని కొమ్ముల మధ్య కొట్టాడు. అది పడలేదు. మళ్ళీ కొట్టాడు. మూడో దెబ్బకు బాటకు అడ్డంగా పడి కాళ్ళు తన్నుకుంది. ఆ రక్తం దాటి ఒక్క గొర్రె కూడా దిబ్బ వైపు రాలేదు.

"మల్లిగా, అరువు!" అన్నాడు బాపు. "ఆ దిబ్బ మీది పిలుపు ఇనబడొద్దు. అరువు!"

"ఏమని అరువాలె బాపూ?"

"పుట్టినప్పటిసంది నోరు మూసినోనివి గాదు, ఇయ్యాల నన్నడుగుతవారా?"

అరిచాను. ఎక్కాలు అరిచాను. కర్నూలు బస్సు ఆగే ఊళ్ళ పేర్లన్నీ అరిచాను. అవి అయిపోతే, మా ఊరి బోరింగు కాడ ఆడవాళ్ళు తిట్టుకునే తిట్లన్నీ వరసగా అందుకున్నాను. అవి బాగా పనిచేశాయి, మంద కట్ట వైపు మళ్ళింది. ముందు యూసుఫ్ మామ మా నీళ్ళ రేకు డబ్బాను కర్రతో మోగిస్తూ నడిచాడు. మోకాలు చితికిన బాపును భుజాన వేసుకుని నేను తిట్లు తిడుతూ నడిచాను. కట్ట ఎక్కేసరికి వెనక బాట లేదు.

కాళ్ళు విరిగిన గొర్రెలను యూసుఫ్ మామ కట్ట మీదే ఒక్కొక్కటిగా కోశాడు. బిస్మిల్లా అంటూ కత్తి ఆనించే ముందు ప్రతిసారీ దాని కళ్ళను అరచేత్తో మూశాడు. కోత అతనికి రోజూ పనే.

"ఎందుకు ఎనుకకు పిలిచినవన్నా?" అని బాపును అడిగాడు. "నేను నీకు దిమాక్ ఖరాబయిందనుకున్న."

పీతల బుట్ట పెద్దాయన నీళ్ళు తెచ్చి ఇస్తూ, "నిన్నంతా దిబ్బ మీద పిలుస్తూనే ఉన్నారు గదయ్యా. పొద్దున చెప్పాను గానీ, పోటు సంగతి మీకు ముందే తెలుసనుకున్నాను" అన్నాడు.

నిన్న పొద్దున మేం అక్కడికి ఒక రోజు నడక దూరంలో ఉన్నాం. చీకటి పడ్డాకే కట్ట దగ్గరికి చేరాం.

తర్వాత నేను చాలా రకాలుగా ఆలోచించాను. ప్రతిధ్వని అనుకుందామంటే, మూసిన నోటికి ప్రతిధ్వని రాదు. ఎవరో అనుకరించారనుకుందామంటే, దాక్కోవడానికి అక్కడ చెట్టయినా లేదు. పైగా అనుకరణకు గొర్రెలు మోసపోవు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సగం మందతో ఇంటికి చేరాం. వానలు పడ్డాయి. మోకాలు కాస్త నయమయ్యాక, ఒక పొద్దున మా గుట్ట మీద మేస్తున్న మందను చూస్తూ బాపు, "నేను జర పిలిచి చూస్తరా" అన్నాడు. అన్ని నెలల తర్వాత మొదటిసారి పిలిచాడు.

గొర్రెలన్నీ తలలెత్తాయి. తర్వాత మాకు వీపులు తిప్పి, తూర్పుకు మళ్ళి నడవడం మొదలుపెట్టాయి. తిరుగు దారిలో పుట్టిన పిల్లలు కూడా నడిచాయి, సముద్రాన్ని ఎన్నడూ చూడనివి. నేను ఉరికి ముందుకు పోయి అడ్డం నిలబడ్డాను. ఈసారి బాపు చెప్పకముందే అరిచాను.

ఇన్నేళ్ళయినా అక్కడ పిలిచింది ఎవరో నాకు తెలియదు. ఇప్పుడు మందను నేనే చూసుకుంటున్నాను. కొత్త పిలుపు ఒకటి తయారుచేశాను. వినసొంపుగా ఉండదు గానీ గొర్రెలు వస్తాయి. బాపు ఇంట్లో అందరితో మాట్లాడతాడు, నన్ను తిడతాడు, నవ్వుతాడు. మంద దగ్గరికి వస్తే మాత్రం నోరు విప్పడు. ఏదైనా చెప్పాలంటే నా భుజం తట్టి, చేత్తో చూపిస్తాడు.