తొమ్మిదీ పదికి నూకాలమ్మ చెప్పిన మాట

ఆ రోజు నేను తల ఊపాను. నా తప్పు అదే. మిగతాదంతా ఆ తర్వాత జరిగింది.

యారాడ చేరేసరికి మధ్యాహ్నం మూడు. సముద్రంలో వాయుగుండం. ఈశాన్యం నుంచి గాలి, సన్నటి వాన. మా ట్రక్కు గాజువాక దాటి, కొండ ఎక్కి, మలుపులు దిగి ఇసుక దగ్గర ఆగింది. తుఫాను కాపలాకి వచ్చిన సైనికులం, ఆరుగురం. దళానికి పెద్ద ఒక పంజాబీ హవల్దార్. నేను సిగ్నల్ ఆపరేటర్ని. వీపు మీద రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు, మడత ఏంటెనా. మెడలో బైనాక్యులర్. జేబులో లాగ్ పుస్తకం, పెన్సిలు. మాది గోదావరి జిల్లా. నాన్న స్టీల్ ప్లాంటు పనికి వచ్చి గాజువాకలో స్థిరపడ్డాడు. దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఊరితో మాట్లాడే పని కూడా నాకే అప్పగించారు.

ఉత్తర్వులు చిన్నవి. పడవలు లెక్కపెట్టాలి. గంటకోసారి బేస్‌కి చెప్పాలి. మా అనుమతి లేకుండా ఒక్క పడవ కూడా నీళ్లలోకి దిగకూడదు.

ఆ చివరి మాట చెప్పగానే వలల పాక దగ్గర నవ్వులు లేచాయి.

"సముద్రానికి తాళమేసీసినారేటి బావా!" అన్నాడొకడు పక్కవాడితో. "తాళంసెవి ఎవుడికాడుందో అడుగు."

చేపల బుట్ట బోర్లించి దానిమీద కూర్చున్న ఒకావిడ నా ఏంటెనా వైపు ఎగాదిగా చూసింది. యాభై దాటి ఉంటాయి. పేరు నూకాలమ్మ.

"బాబూ, ఆ కర్రకి సీరియళ్ళొత్తాయేటి?"

"రావమ్మా. మాటలే వస్తాయి."

"మాటలకి ఇంత బరువు మొయ్యాలా! మా ఆయన సముద్రంలోంచి తెడ్డు ఎత్తితే సాలు, ఏటి సంగతో నాకు తెలిసిపోద్ది."

అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ తెడ్డు సంగతేమిటని అడగలేదు.

నా పనిలో మొదటి రోజు నేర్పే పాఠం ఒకటుంది. చెప్పినంత మాత్రాన మాట చేరినట్టు కాదు. విన్నంత మాత్రాన కూడా కాదు. విన్నవాడు తిరిగి చెప్పాలి. చెప్పినవాడు అది విని "సరే, అదే" అనాలి. అప్పుడే లాగ్‌లో రాయాలి. ఎనిమిదేళ్లు ఆ నియమం తప్పలేదు. కాకపోతే అది రేడియోలో మాట్లాడేవాళ్ల కోసమే అనుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున ఊరివాళ్లు వచ్చి హవల్దార్‌ని బతిమాలారు. హెచ్చరిక రాకముందు వేసిన వలలు నీళ్లలోనే ఉన్నాయి, తెచ్చుకోనివ్వమన్నారు. అవి పోతే ఏడాది గడవదు. ఎనిమిది లోపు తిరిగి రావాలని ఆయన ఒప్పుకున్నాడు. ఐదున్నరకి పదకొండు పడవలు వెళ్లాయి. ఎనిమిదిన్నరకి పది వచ్చాయి.

పదకొండోది నూకాలమ్మ భర్త అప్పన్నది. అతనితో తమ్ముడు రాములు కూడా ఉన్నాడు.

తొమ్మిదికి బైనాక్యులర్లో ఆ పడవ కనబడింది. తీరానికి దూరంగా, కెరటాలు విరిగే చోటుకి అవతల. పడవ మీద ఎర్రగా ఏదో గుడ్డ ఎగురుతోంది. వస్తున్నామని చెయ్యి ఊపుతున్నారు కాబోలు అనుకున్నాను. "పదకొండో పడవ కనబడుతోంది" అని రాశాను.

తొమ్మిదీ పదికి బేస్ పిలిచింది. వాతావరణ సమాచారం. ఒక చెవికి హెడ్‌ఫోను, మోకాలి మీద పుస్తకం.

"గాలి ఈశాన్యం, పెరుగుతోంది. తిరిగి చెప్పు. ఓవర్."

"గాలి ఈశాన్యం, పెరుగుతోంది. ఓవర్."

"అలలు పది గంటల్లోపు బాగా లేస్తాయి. తిరిగి చెప్పు. ఓవర్."

అప్పుడే నూకాలమ్మ ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చింది. రొప్పుతోంది. సముద్రం వైపు చెయ్యి చాపి ఏదో చెప్పింది. తెడ్డు అంది. గుడ్డ అంది. ఆగమన్నట్టు అరచెయ్యి చూపాను. ఆమె ఇంకేదో అంది. బేస్ మళ్లీ తిరిగి చెప్పమంది. ఆమె ముఖంలోకి చూసి తల ఊపాను.

ఆమె కళ్లు తేటపడ్డాయి. నాకు దణ్ణం పెట్టి వెనక్కి వెళ్లింది.

"అలలు పది గంటల్లోపు బాగా లేస్తాయి. ఓవర్," అన్నాను బేస్‌తో. అక్షరం పొల్లుపోలేదు.

పదిన్నరకి ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి నడిచే వచ్చింది.

"ఎప్పుడొత్తారు బాబూ?"

"ఎవరు?" అన్నాను.

ఆమె మళ్లీ సముద్రం వైపు చెయ్యి చాపింది. వెనకున్న ముసలి జాలరి ముందుకొచ్చి చెప్పాడు. గుడ్డ చేత్తో ఊపితే వచ్చేస్తున్నామని. తెడ్డు నిలబెట్టి దానికి గుడ్డ కడితే లంగరు తాడు తెగింది, కొట్టుకుపోతున్నాం, రండని. యారాడలో నడవడం వచ్చిన ప్రతి పిల్లకీ అది తెలుసు.

"బేస్, బేస్, యారాడ. ఒక పడవ కొట్టుకుపోతోంది. ఇద్దరు మనుషులు. రక్షణ బోటు కావాలి. ఓవర్."

"బోటు హార్బర్ అవతల ఇంకో పనిలో ఉంది. రెండు గంటలు. ఓవర్."

"రెండు గంటలు," అన్నాను.

ఊరివాళ్లు ఒక పడవను నీళ్లలోకి తోశారు. మొదటి కెరటమే దాన్ని అడ్డంగా తిప్పి ఒడ్డుకి విసిరింది. రెండోసారి తోశారు. ఒకడి భుజం విరిగింది. తొమ్మిదిన్నర దాకా దాటగలిగిన నీరది. హవల్దార్ చేతులు చాచి వాళ్లను ఆపాడు.

"సిగ్నల్, ఇంకేమైనా చెయ్యగలవా?" అని నన్నడిగాడు.

"పిలుస్తున్నాను ఉస్తాద్."

అంతే చెయ్యగలిగాను. పది నిమిషాలకోసారి బేస్‌ని పిలిచాను. పది నిమిషాలకోసారి అదే జవాబు తిరిగి చెప్పాను. రెండో బ్యాటరీ పెట్టాను. సెట్టు బాగానే పనిచేస్తోంది. మాటలు వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఆ తెడ్డు మాత్రం అలా నిలబడే ఉంది. అల వచ్చినప్పుడు మునిగేది. మళ్లీ లేచేది. పన్నెండూ పదికి మునిగింది. బైనాక్యులర్ దించకుండా చూశాను. లేవలేదు.

బోటు పన్నెండూ నలభైకి వచ్చింది. రాములు ఖాళీ డబ్బా పట్టుకుని తేలుతూ దొరికాడు. అప్పన్న మూడో రోజు ఒడ్డుకి వచ్చాడు.

నాలుగో రోజు బ్యారక్‌కి తిరిగి వచ్చాం. విచారణకి వచ్చిన అధికారి ఒకే ప్రశ్న వేశాడు. "ఊరినుంచి సమాచారం ఎన్ని గంటలకి అందింది?"

లాగ్‌లో తొమ్మిదీ పది దగ్గర వాతావరణం ఒక్కటే ఉంది.

"పదిన్నరకి సార్," అన్నాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు వేరే చోట్ల పనిచేశాను. మంచులో, ఎడారిలో. రిటైరై గాజువాక వచ్చాక ఒక ఆదివారం చేపలు కొనడానికి జాలరిపేట వెళ్లాను. యారాడనుంచి కోడలుగా వచ్చిన ఒకామె చేపలు తోముతూ పక్కామెతో అంటోంది. "నూకాలత్తలాగ సెయ్యకు. పరిగెత్తికెల్లీసి కూడా సరిగ్గా సెప్పనేదు. మిలట్రీ కాయితంలో పదిన్నరకే సెప్పిందని ఉందంట. మొగుణ్ణి ముంచీసింది. రాముల్మావ ఇప్పుటికీ ఆవిడ సేతి నీళ్ళు ముట్టడు."

చేపలు తీసుకోకుండా వచ్చేశాను.

ఆ వారమే యారాడ వెళ్లాను. వలల పాకలో పదిమంది ఉన్నారు. రాములు వల అల్లుతున్నాడు. నూకాలమ్మ దూరంగా అదే బుట్ట మీద కూర్చుంది. నేనెవరో చెప్పాను. నిలబడే చెప్పాను.

"ఆవిడ తొమ్మిదీ పదికే చెప్పింది. నేను వినలేదు. విన్నట్టు తల ఊపాను. తర్వాత పదిన్నర అని అబద్ధం చెప్పాను."

రాములు చేతిలో సూది ఆగింది. నూకాలమ్మ లేచి నా ఎదుటికి వచ్చింది.

"నాను ఏటి సెప్పినానో సెప్పు."

"తెడ్డు లేపాడు, గుడ్డ కట్టాడు అని."

"రొండయినాయి. ఇంకోటి?"

మూడో మాట నా చెవిలోకే వెళ్లలేదు.

"మావోళ్ళని ఎల్లమంటారా, మీరే ఎల్తారా అనడిగాను. నువ్వు బుర్రూపీసినావు." ఆమె గొంతు పెరగలేదు. "మీరే ఎల్తారనుకున్నాను బాబూ. పడవ తోసేత్తన్నోళ్ళని నానే ఆపీసినాను."

రాములు లేచి కుండ దగ్గరికి వెళ్లి, గ్లాసు తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు. "వదినా, కాసిన్ని నీళ్ళు ముంచియ్యి," అన్నాడు. ఆమె వెంటనే ముంచలేదు. నేనక్కడ ఉండగా ముంచలేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరు ఏం చెప్పినా వాళ్లవైపు తిరిగి, ఆ మాటే మళ్లీ చెబుతాను. మా ఆవిడ విసుక్కుంటుంది. కళ్లు మూస్తే మాత్రం ఆ తెడ్డే. మునుగుతుంది, లేస్తుంది, మునుగుతుంది.

యారాడ నుంచి వచ్చిన రాత్రే మా పాత దళానికి ఉత్తరం రాశాను. లాగ్‌లో దిద్దాల్సిన పద్దు ఒకటుందని చెప్పి, దాన్ని పెన్సిలుతో, ఎప్పటిలాగే పొట్టిగా రాశాను:

తొమ్మిదీ పది. యారాడ తీరం. నూకాలమ్మ నుంచి మూడు మాటలు. తెడ్డు లేచింది. గుడ్డ కట్టారు. మూడోది ప్రశ్న. జవాబు ఇవ్వలేదు.