కాస్త అడ్జస్ట్ అవ్వక్కా

అడ్జస్ట్ అనే మాటంటే నాకు ఒళ్లు మంట. మన నోళ్లలో నానే ఇంగ్లీషు మాటల్లో ఇంత దొంగమాట ఇంకోటి లేదు. సర్దుకోవడమంటే ఇద్దరూ చెరో కాస్త జరగడం అనుకునేదాన్ని. ఈ మాట వచ్చాక జరిగేది ఒక్కరే. అదీ ఎప్పుడూ మా అక్కే.

అక్క చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుడుతుంది. నా మిషన్ ఆమె వెనకాలే. తమ్ముడి పెళ్లవగానే తన గది వాళ్లకిచ్చి వంటింట్లో పక్క వేసుకుంది. నాకు జ్వరమొస్తే నా పనీ తనే కుడుతుంది. తనకంటూ ఉంచుకున్నది ఒక్కటే, కిటికీ పక్క మిషన్. చూపు మందగించింది; నల్ల గుడ్డ మీద నల్ల దారం ఆ వెలుతురులోనే ఆనుతుంది. ట్యూబులైటు కింద కుడితే కుట్టు వంకర పోతుంది. కుట్టు వంకర పోతే ఉద్యోగం పోతుంది.

మా దగ్గర ఎవరి కత్తెర ఏ మిషన్‌కి నాడాతో కట్టి ఉంటే ఆ మిషన్ వాళ్లది. ఇంకొకరి ముడి మీద ఎవరూ చెయ్యి వేయరు. సూపర్‌వైజరమ్మ వేసింది. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు అడ్జస్ట్ మేడమ్. కొత్తగా చేరిన ఆవిడ మరదలికి గాలి ఆడటం లేదట, కిటికీ పక్కనే కావాలట! అక్క కత్తెర విప్పి అక్క చేతిలోనే పెట్టింది.

"కాస్త అడ్జస్ట్ అవ్వక్కా. మంచిదానివి కదా."

అక్క ట్యూబులైటు కింద ఉన్న మూల మిషన్ దగ్గరికి వెళ్లింది.

వారం తిరక్కుండా నల్ల చొక్కాల కట్ట వెనక్కి వచ్చింది. కాలర్లన్నీ వంకరే. ఓనరు వస్తున్నాడని తెలియగానే మేడమ్ అక్క పక్కన చేరింది.

"ఆ మూల నువ్వే అడిగావని చెప్పక్కా. లేకపోతే నా ఉద్యోగానికే ఎసరు."

"మరి నా ఉద్యోగం?"

"నీకేముంది, పెళ్లా పిల్లలా? ఎక్కడైనా అడ్జస్ట్ అయిపోతావు."

అక్క ముఖం కందగడ్డలా అయింది. ఓనరు రాగానే లేచి నిలబడింది. ముడి ఎవరు విప్పారో, ఎవరి కోసం విప్పారో మొత్తం చెప్పేసింది. ఓనరుకి ఇవన్నీ పట్టవు.

"కాలర్లన్నీ విప్పి మళ్లీ కుట్టండి. సాయంత్రానికి కావాలి. మీలో మీరు అడ్జస్ట్ అవ్వండి" అనేసి వెళ్లిపోయాడు.

మేడమ్ అలవాటు కొద్దీ అక్క వైపే చూసింది. అక్క కిటికీ దగ్గరికి నడిచింది. మరదల్ని లేపింది. మరదలి కత్తెర తీసి పక్కన పెట్టి, తన కత్తెర రెండు ముళ్లేసి కట్టుకుంది. తర్వాత చొక్కాల కట్ట తెచ్చి మేడమ్ ఒళ్లో పడేసింది.

"కుట్టేది నేను కుడతాను. మీరు విప్పండి."

"నేనా?"

"మీకు బాగా అలవాటేగా మేడమ్."