వసారాలో లక్ష్మి పటం

పెనుగొండ దగ్గర వ్యవసాయం చేసుకునే తాతాజీ, కొత్తగా రైలొచ్చిన రోజుల్లో తుని వెళ్లి, అద్దం బిగించిన లక్ష్మీదేవి రంగుల పటం కొనితెచ్చాడు. భార్య బుల్లెమ్మ దాన్ని చాలాసేపు తేరిపార చూసింది.

“ఈవిడ అమ్మవారేనని ఎవరు చెప్పారండి? ఎవరో ఆడమనిషిని ఎదురుగా నిలబెట్టి గీసినట్టుంది,” అంది.

“అమ్మినాయన చెప్పాడే.”

“ఆయన మాత్రం చూశాడా ఏంటి?”

దేవుడి గదిలో మేకు కొట్టనివ్వలేదు. కొన్నాళ్లు కనిపెట్టి చూద్దామని, వసారాలో తను బియ్యం ఏరుకునే చోటికి ఎదురుగా తగిలించమంది. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి పటాన్ని తాకి కళ్లకద్దుకుంటుంటే పెదవి విరిచేది.

ఆ తర్వాత పదేళ్లు బతికినా బుల్లెమ్మ ఆ పటానికి ఒక్కనాడూ దణ్ణం పెట్టలేదు. అలాగని దాని ముందు కాళ్లు చాపుకుని కూర్చోనూ లేదు.