పాత ఎనిమిది, కొత్త ఎనిమిది

హనుమేష్‌కు ఎనిమిది తర్వాత అంకె రాదు. ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక రేకుల షెడ్డులో అతను నడిపే జిమ్‌కు వెళ్ళిన ప్రతివాడూ ఈ సంగతి మొదటిరోజే, బరువు ఛాతీ మీద ఉండగా, తెలుసుకున్నాడు.

"ఎన్నైనాయన్నా?"

"ఎనిమిది."

"ఇందాకా ఎనిమిదే అంటివి కదన్నా!"

"అది పాత ఎనిమిదప్పా. ఇంకొకటే. ఇదే లాస్ట్."

ఆ లాస్ట్ వెనక మరో మూడు లాస్టులు వరుసలో నిలబడి ఉండేవి. చెల్లెలి పెళ్ళిలో ఓళిగలు, అంటే బొబ్బట్లు, వడ్డించే పని పొరపాటున ఇతనికి అప్పగించారు. మగపెళ్ళివారి పెద్దాయన విస్తరి ముందు నిలబడి, "ఇంకొకటే మామా, లాస్ట్" అంటూ పెట్టుకుంటూ పోయాడు. పాపం ఆయన మూడు రోజులు మజ్జిగ మీద బతికాడు. ఆ తర్వాత ఎవరైనా ఆదోని పేరెత్తితే కడుపు పట్టుకునేవాడు.

అలాంటివాడిని నమ్ముకున్నాడు కిరణ్‌కుమార్, 2006లో. నాలుగేళ్ళు జిమ్‌లో పెంచిన ఒళ్ళు అతనిది. వంద కిలోలు ఎత్తేవాడు. చొక్కా చేతులు కుట్టించిన నెలకే చిరిగేవి. కాళ్ళను మాత్రం ఆ ఒళ్ళును నిలబెట్టడానికే వాడాడు. కిందటి కానిస్టేబుల్ సెలక్షన్‌లో మొదటి చుట్టు అందరికంటే ముందు పరుగెత్తి, మూడో చుట్టులో కూర్చుండిపోయాడు. బక్కపీనుగులంతా అతన్ని దాటుకుంటూ పోయి పోలీసులయ్యారు. ఈసారి పోతే వయసు దాటిపోతుంది. ఇక ఆ కండలు మామగారి మిల్లులో పత్తి బేళ్ళు మోయడానికే.

"ఐదు కిలోమీటర్లు, ఇరవై ఐదు నిమిషాలు. పన్నెండున్నర చుట్లు. నేర్పిస్తావా అన్నా?" అన్నాడు.

హనుమేష్ పుట్టి బుద్ధెరిగి పరుగెత్తలేదు. అతను చెయ్యెత్తితే బస్సే భయపడి ఆగేది. అయినా, "దాందేముంది? పద" అన్నాడు.

తెల్లారి ఇద్దరూ మున్సిపల్ మైదానంలో దిగారు. పరుగంటే కిరణ్‌కు తెలిసింది జిమ్ పద్ధతే. వంద అడుగులు కుక్క తరిమినట్టు ఉరికి, నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు ఆయాసపడ్డాడు. మళ్ళీ వంద అడుగులు. అలా మూడు సెట్లు. ఈలోపు మజ్జిగ అమ్మే ఈరక్క, నెత్తిన కుండతో, తాపీగా నడుస్తూ ఇద్దరినీ దాటిపోయింది.

"ఏమప్పా, కండలన్నీ పైనే పెట్టుకుంటివే! కాళ్ళకు మిగల్లేదా?"

కిరణ్ ముఖం కందిపోయింది. హనుమేష్ మాత్రం పత్తి లారీలా ఊగుతూ వచ్చి, "ఈరక్క జెప్పింది నిజమేలే. ఇది కూడా బరువెత్తడమే కిరణా. నీ బరువే నువ్వు మోసుకుపోతాండావు. మెల్లగ పోదాం" అన్నాడు.

మెల్లగా వెళ్ళారు. ఎంత మెల్లగా అంటే మైదానంలో మేకలు కూడా తప్పుకోలేదు. నెల తిరిగేసరికి మేకలు తప్పుకున్నాయి. లెక్క మాత్రం తెగలేదు.

"ఎన్నైనాయన్నా?"

"ఎనిమిది."

"యాడ ఎనిమిది? పది దాటిండాది!"

"నీకేం తెలుసు? ఇదే లాస్ట్."

"నీకు లెక్క రాదన్నా! ఒకటో తరగతిలో ఎట్ల పాసైతివో!"

రోజూ చివరి చుట్ల నిండా ఇదే గొడవ. మైదానం దగ్గరి ఇళ్ళవాళ్ళకు ఆ అరుపులే అలారం. కిరణ్ తనకు తాను లెక్కపెట్టుకోబోతే హనుమేష్ ఏదో ఒకటి అని తిట్టించుకునేవాడు. ఆ తిట్లలో లెక్క గల్లంతయ్యేది.

కర్నూలులో సెలక్షన్ రోజు వచ్చింది. తొమ్మిదో చుట్టులో కిరణ్ తొడలు బిగుసుకుంటుంటే అలవాటు కొద్దీ, "నీకు లెక్క రాదన్నా!" అని గట్టిగా అరిచాడు.

"ఎవర్ని తిడ్తాండావప్పా?" అన్నాడు పక్కన పరుగెత్తేవాడు, దడుచుకుని.

ఇరవై మూడో నిమిషంలో కిరణ్ గీత దాటాడు. దాటి, పరుగెత్తుతూనే ఉన్నాడు. ఒక కానిస్టేబుల్ వెంటబడి బనియన్ పట్టుకుని ఆపాడు.

"యాడికి పోతాండావప్పా? అయిపాయ!"

"ఇంకొకటి ఉండాది కదా సార్?"

మైదానమంతా నవ్వింది. ఆ నవ్వు కిరణ్‌కు మొదటిసారి కారంగా అనిపించలేదు.

మర్నాడు మైసూర్‌పాక్ పెట్టెతో ఆదోని మైదానానికి వచ్చాడు. హనుమేష్ ఇంకా రాలేదు. ఈరక్క కుండ దించుకుంటూ ఉంది.

"మా అన్నకు లెక్క రాకపోయినా నేను గట్టెక్కితి ఈరక్కా!"

"లెక్క రాదా? ఆయప్పకా?" ఈరక్క పడీపడీ నవ్వింది. "దినామూ పదహైదు చింతగింజలు ఎంచి నా కాడనే తీసుకొని పోతాండె. చుట్టుకొకటి ఆ గోడ కాడ ఇడుస్తాండె. నిజం లెక్క జెప్తే నీ కాళ్ళు పన్నెండుకే కూలబడతాయంట. నువ్వు నోరెత్తి కొట్లాడినంతసేపు దమ్ము ఉన్నట్లంట. నీ నోరు మూతబడితే ఆయప్పే మెల్లగైతాండె, చూడలేదా?"

కిరణ్ గోడ దగ్గరికి వెళ్ళి చూశాడు. దాని పొడుగునా చింతగింజలు. కొన్ని మొలకెత్తాయి కూడా. మొలకెత్తనివి కొన్ని ఏరి జేబులో వేసుకున్నాడు.

అప్పుడే హనుమేష్ ఊగుతూ వచ్చాడు. కిరణ్ పెట్టె తెరిచి అతని నోట్లో ఒక ముక్క పెట్టాడు. ఇంకొకటి. మరొకటి.

"ఎన్నైనాయప్పా?" అన్నాడు హనుమేష్, నిండిన నోటితో.

"ఎనిమిది."

"ఇందాకా ఎనిమిదే అంటివి కదా!"

కిరణ్ వెనక్కి పెట్టుకున్న గుప్పిట్లో, ముక్కకొకటి చొప్పున, పదకొండు చింతగింజలు ఉన్నాయి.

"అది పాత ఎనిమిదన్నా. ఇంకొకటే. ఇదే లాస్ట్."