చెమట బాబాయి, కిటికీ మింగిన బోర్డు

మా బాబాయికి ఒకటే జబ్బు. ఎవరు డబ్బు మాటెత్తినా "చెమట పట్టిందా?" అని అడుగుతాడు. పన్నుల లెక్కలు రాసిపెట్టడం ఆయన వృత్తి; నేను ఆయన దగ్గరే గుమాస్తాని. ఆయన దృష్టిలో డబ్బు రెండే రకాలు: చెమట పట్టి వచ్చింది, పట్టకుండా వచ్చింది. జనం ఆయనకు చెమట బాబాయి అని పేరు పెట్టేశారు.

ఒకసారి ఓ కాంట్రాక్టరు మూడేళ్ల కొడుకుని చంకనేసుకొచ్చాడు.

"వీడి పేర డిపాజిట్లు వేశానండీ. వడ్డీ వీడిది. చంటోడికి పన్నేమిటి?"

"ఏరా కన్నా, చెమట పట్టిందా?"

వాడు బాబాయి కళ్లజోడు లాగేశాడు.

"చూడండి, నుదుటి మీద చెమటే!" అన్నాడు తండ్రి.

"ముందా స్వెటరు విప్పండి. కష్టపడకుండా పిల్లల పేర వచ్చేది పెద్దల ఆదాయంలోనే కలుస్తుంది. పన్ను తమరే కట్టాలి."

ఆయన మళ్లీ రాలేదు. ఉన్నవాళ్లకు ఉయ్యాల కూడా ఇనప్పెట్టెలాగే కనిపిస్తుంది కాబోలు.

ఓ గురువారం ఒక నర్సు తన పదహారేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల దుకాణాలకు బోర్డులు రాస్తుంది. ఆ సంపాదనను వడ్డీ అనుకుని, పన్నుల ఆఫీసువాళ్లు తల్లి జీతంలో కలిపేసి, పిల్ల ఖాతా ఆపేశారు. సోమవారంలోగా ఫీజు కట్టకపోతే కాలేజీ సీటు పోతుంది.

బాబాయి పిల్ల గోళ్లలో ఎర్రరంగు చూశాడు. ఇక ఆ ప్రశ్న అడగలేదు. ఎండలో పదకొండు దుకాణాలు తిరిగి, బోర్డులు రాసింది ఆ పిల్లేనని ఉత్తరాలు రాయించుకొచ్చాడు. ఆఫీసరు ఒప్పుకున్నాడు: స్వయంగా కష్టపడింది కాబట్టి ఆ సంపాదన పిల్లదే. ఖాతా తెరవడానికి మాత్రం పది రోజులు పడుతుందట!

"ఫీజు నేను కడతాలేవే" అన్నాను.

"వద్దక్కా. ఊరికే తీసుకోను."

బాబాయి ముఖం వెలిగిపోయింది. "అదీ మాట! తల్లీ, నాకో బోర్డు కావాలి. ఫీజెంత?"

"పన్నెండు వేలు."

"పన్నెండు వేల బోర్డు రాయి."

"గోడంత అవుతుందండీ!"

"గోడంతే రాయి. రేటు తగ్గించావో, ఊరుకోను."

ఆదివారానికి బోర్డు వచ్చింది. మా ఆఫీసు ఉన్నదేమో ఓ వెనక సందులో, రెండో అంతస్తులో. బయట తగిలించే చోటే లేదు. గదిలోనే నిలబెడితే ఉన్న ఒక్క కిటికీ మూసుకుపోయింది.

సోమవారం ఫీజు రసీదు చూపించడానికి వచ్చిన పిల్ల, పట్టపగలు లైటు వేసుకుని కూర్చున్న బాబాయిని చూసి నాలిక్కరుచుకుంది.

"అయ్యో, కిటికీ!"

"పోనీయమ్మా. అందులోంచి ఎప్పుడు చూసినా పక్కింటి గోడే. ఇప్పుడు చూడు, ఎంచక్కా నా పేరు!"