నా నూట పన్నెండు అడుగులు

మా చిన్నప్పుడు... తుపాను వస్తోందంటే పెద్దవాళ్లకు గుండెదడ, మాకేమో లారీ ఎక్కే యోగం.

పులికాట్ సరస్సు ఒడ్డున ముప్పై గుడిసెల ఊరు మాది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, కార్తీకంలో ఒక పొద్దున తప్పెట మోగింది. మధ్యాహ్నానికల్లా అందరూ సూళ్లూరుపేటలోని బడికి చేరాలని, లారీ వస్తుందని చాటింపు. ఇంకేం... ఊరంతా చుట్టేసి పిల్లలందరికీ నేనే చెప్పాను.

అమ్మ బియ్యం, ఉప్పు, చింతపండు వేరువేరు మూటలు కట్టింది. మా అవ్వ తన పెట్టకోడిని కొంగులో చుట్టి చంకన పెట్టుకుంది.

నాయనను పిలుచుకురమ్మని అమ్మ నన్ను పంపింది. నాకప్పట్లో ఒక పిచ్చి... ఎక్కడికి నడిచినా అడుగులు లెక్కపెట్టాల్సిందే. బావి దగ్గర మొదలుపెట్టాను. ఒడ్డు దాటి, నడుములోతు నీళ్లలోకి దిగి, నూట పన్నెండో అడుగుకు మా పడవను ముట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే బావి గిలక ఉండే రాతికంబాలు రెండూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే కంబంలా కనిపించాయి. భలే నవ్వొచ్చింది.

నాయన మాత్రం నవ్వడం లేదు. తట్టలతో పడవ నిండా ఇసుక పోస్తున్నాడు. పక్కన ఏకాంబరం మామ, ఇంకో ముగ్గురూ తమ పడవల్లో అదే పని చేస్తున్నారు. చూస్తుండగానే మా పడవ బుడగలు వదిలి మునిగిపోయింది.

"ఎందుకు ముంచేస్తా ఉండావు నాయనా?"

"నీళ్ల మీద ఉండేదాన్ని గాలి ఎత్తుకపోతాది. కింద పండుకునేదాన్ని ఏం చేస్తాది?"

"మళ్లీ యాడని వెతుకుతావు?"

ఒడ్డున ఉన్న రెండు తాటిచెట్లను చూపించాడు. "వాటికి సరిగ్గా నడిమధ్యన. మా తాత నాటి గుర్తు అది."

బడిలో మాకు ఐదో తరగతి గది దక్కింది. పన్నెండు కుటుంబాలం. అయివారు సుద్దముక్కతో నేల మీద గళ్లు గీసి, ఇంటికొక గడి ఇచ్చారు. పిల్లలకు అంతకన్నా ఏం కావాలి... ఒంటికాలి మీద ఒకరింట్లోంచి ఇంకొకరింట్లోకి దూకడమే పని. అవ్వ కోడి వెళ్లి అయివారి కుర్చీలో గుడ్డు పెట్టింది.

"గదికి బాడుగ అనుకోండి అయివారూ" అంది అవ్వ. ఆయన నవ్వుతూ గుడ్డు తిరిగి ఇచ్చేశారు.

మర్నాడు పగలంతా గాలి. వరండా పెంకులు ఎగిరిపోతుంటే లెక్కపెట్టాను. అరవై దాటాక తిరిగి చూస్తే, మూటలకు ఆనుకుని అమ్మ ఏడుస్తోంది. గుడిసె పోతే తాటాకు కొట్టి కట్టుకోవచ్చు... పడవ పోతే మాకు కూడు లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

నాలుగో రోజు నడిచి ఊరికి వచ్చాం. గుడిసెలు లేవు. నీళ్లు బావి దగ్గరదాకా వచ్చేశాయి. రెండు తాటిచెట్లలో ఒక్కటీ లేదు... మొదళ్లు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. పొద్దుటినుంచి మగవాళ్లు గడలతో పొడుస్తూనే ఉన్నారు. గుచ్చిన చోటల్లా బురదే. నాయన వచ్చి బావిగట్టు మీద కూలబడ్డాడు.

"నాయనా, ఈడ నించి నూట పన్నెండు అడుగులు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, లేచి, గబగబా లెక్కపెడుతూ నీళ్లలోకి దిగాడు.

"నీ అడుగులు కాదు నాయనా, నావి!"

నేను నడవాలంటే అక్కడ నన్ను ముంచేంత నీళ్లు. అందుకని నన్ను మెరక మీద నడిపించి, ఆ పొడవుకు వలతాళ్లు ముడివేశారు. ఒక కొస బావికంబానికి కట్టి, రెండో కొస పట్టుకుని నాయన ఛాతీలోతులోకి పోయాడు.

"కంబాలు రెండూ ఒకటిగా కనపడాల!" అని అరిచాను.

"కనపడతా ఉండాయి!"

గడ దించాడు. బురదే.

"పులికాట్‌ను అడుగులతో కొలస్తా ఉండాది అప్పా నీ కూతురు" అని ఏకాంబరం మామ ఎగతాళి చేశాడు.

నాకు ఏడుపొచ్చింది. అంతలోనే ఆ రోజు నీళ్లలో ఎట్లా నడిచానో గుర్తుకొచ్చింది. "నాయనా, నీళ్లల్లో చిన్న అడుగులు వేసినా! కొంచెం యెనక్కి రా!"

రెండు బారలు వెనక్కి వచ్చి పొడిచాడు. లేదు. ఇంకో బార...

టక్.

ఆ చప్పుడు గట్టుమీద ఉన్న నాకు నిజంగా వినిపించిందో లేదో... నాయన ముఖం చూసి విన్నాననుకుంటాను. మా పడవ దొరికాక, పక్కనే వరసగా మిగతా నాలుగూ దొరికాయి. ఏకాంబరం మామ నన్ను భుజాన ఎక్కించుకుని, "అమ్మీ, ఇంగ మీద నేను వల యాడ ఏసినా నువ్వే వచ్చి లెక్కబెట్టాల" అన్నాడు.

సాయంత్రానికి ఇసుక తోడి పడవను లేపారు. అవ్వ ఆ బాడుగ గుడ్డును ఉడకబెట్టి మొత్తం నాకే ఇచ్చింది. అంతకుముందెప్పుడూ ఇంట్లో నాకు సగం గుడ్డుకు మించి దొరకలేదు...

ఇప్పుడు తుపాను సంగతి ముందే ఫోనులో తెలిసిపోతుంది. చాలా మంచిదే. మీ ఇళ్లలో గాలివానకు ముందు దేన్ని దాచేవారు, ఎక్కడ దాచేవారు? తప్పకుండా రాయండి... అన్నీ చదువుతాను.

మొన్న కార్తీకంలో మా ఊరు వెళ్లాను. బావి పూడిపోయింది, కంబాలు మాత్రం ఉన్నాయి. రెండూ ఒకటయ్యేలా వెనక్కి చూసుకుంటూ సరస్సు వైపు నూట పన్నెండు అడుగులు వేశాను. నా అడుగులు ఇప్పుడు పెద్దవి...

అయినా పాదం తడవలేదు.