ఖూనీ ఇల్లన్నారు

2013లో సూర్యాపేటలోని మా ఇంటిని బ్రోకర్ లేకుండా అమ్మకానికి పెట్టాను. కొద్దిరోజులకే ఎవరో ఫేస్‌బుక్‌లో దాని ఫొటో పెట్టి, అందులో ఖూనీ జరిగిందని రాశారు. పచ్చి అబద్ధం! బేరానికి వచ్చినవాళ్లంతా మొహం చాటేశారు.

ఇలాంటి రాతలతో ఇళ్ల ధరలెలా పడిపోతాయో పరిశోధిస్తున్న యూనివర్సిటీ అమ్మాయి ఒకతె మా ఇంటికొచ్చింది. ఆమెను దగ్గర్లోని బ్రోకర్ దుకాణానికి తీసుకెళ్లాను.

"అన్నా, ఈ అమ్మ ఇంటికి ఇప్పుడెంత వస్తది?" అని ఆమె అడిగింది.

"ఖూనీ ఇల్లు ఎవడు కొంటడు? సగానికిస్తే నేనే తీస్కుంట. నేను ఫేస్‌బుక్ల పెట్టినంక ఒక్కడన్న వచ్చిండా?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

అమ్మాయి ఫోన్‌లో అంతా రికార్డవుతోంది. బ్రోకర్ దాన్ని గుంజుకోబోతే అడ్డుపడ్డాను. షట్టర్ దించే ఇనుప కడ్డీతో నా నెత్తిన కొట్టాడు. రక్తం కళ్లలోకి కారింది.

"ముసల్దానా, సంపుత!" అంటూ మళ్లీ ఎత్తాడు.

"సంపు బిడ్డా. అప్పుడు నీదే ఖూనీ దుకాణమైతది," అన్నాను.

పక్క దుకాణాలవాళ్లు అతన్ని పట్టుకున్నారు.

రాజీపడమని ఎందరో చెప్పారు. అతని మీద పెట్టిన కేసు వాపసు తీసుకోలేదు. ఇల్లూ అమ్మలేదు. మా గేటు దాటేటప్పుడు కొందరు ఇప్పటికీ నడక వేగం పెంచుతారు. అది చూసినప్పుడల్లా తల మీది కుట్ల మచ్చ తడుముకుంటాను. గేటు మీద "ఈ ఇల్లు అమ్మబడదు" అని రాయించాను. ఆ బ్రోకర్ రోజూ ఆ దారినే పోతాడు.